పీటర్ పాన్‌కు అధికారిక కొనసాగింపు: పిల్లలకు ఇవ్వాలా, వదిలేయాలా?

మేడమీదగది

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. జేమ్స్ బారీ 1911లో రాసిన ‘పీటర్ అండ్ వెండీ’ నవలను రాత్రిపూట కొంచెం కొంచెంగా చదివి వినిపించి ఈమధ్యనే పూర్తిచేశాను. చివరి పేజీ కాగానే తరవాతి పుస్తకం ఉందా అని అడిగింది. జెరాల్డీన్ మెకాక్రన్ 2006లో రాసిన ‘పీటర్ పాన్ ఇన్ స్కార్లెట్’ ఉంది కాబట్టి, దాన్ని ముందుగా నేను చదివాను. ఇప్పుడు తనకు ఇవ్వాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.

పుస్తకం బాగోలేదని కాదు. వచనం చక్కగా ఉంది, ఊహాశక్తికి లోటు లేదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే: బారీ మూసేసిన కిటికీని ఈవిడ తెరిచారు. పీటర్ ఎన్నటికీ పెరగని పిల్లవాడు, అతనితో ఎగిరివెళ్ళి ఇంటికి తిరిగొచ్చిన అమ్మాయి వెండీ. బారీ చివరి అధ్యాయంలో వెండీ పెద్దదవుతుంది, ఆమెకు పెళ్ళవుతుంది, ఆమె కూతురు జేన్ పీటర్‌తో ఎగిరిపోతుంది, జేన్ కూడా పెద్దదయ్యాక ఆమె కూతురు మార్గరెట్ వంతు వస్తుంది. పెద్దవాళ్ళు ఎగరలేరన్నది అక్కడ నియమం, ఆ నియమం ఉన్నందువల్లే ఆ అధ్యాయం చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. కొనసాగింపులోనేమో 1926లో, వెండీ, ఒకప్పుడు పీటర్ దగ్గర ఉన్న ‘తప్పిపోయిన పిల్లలు’ అందరూ పెద్దవాళ్ళై సంసారాలు చేసుకుంటున్న సమయంలో, తమ పిల్లల బట్టలు తొడుక్కుని మళ్ళీ చిన్నవాళ్ళైపోయి పీటర్ ఉండే ద్వీపం నెవర్‌ల్యాండ్‌కు బయలుదేరతారు. ఇంత సులువైన ఉపాయం ఉంటే, తిరిగివచ్చిన పీటర్ ముందు పెద్దదైపోయిన వెండీ చీకట్లో అంతలా ముడుచుకుని కూర్చోవలసిన అవసరం ఏమొచ్చింది?

మూడోబెంచీ

బట్టలు మారిస్తే వయసు తగ్గుతుందన్న సంగతి మా ఇంట్లో తెలియనివ్వకండి, బీరువా దగ్గర తొక్కిసలాట జరుగుతుంది.

చుక్కలదారి

మేడమీదగది గారూ, బట్టల సంగతిని మీరు దొడ్డిదారిగా చూస్తున్నారు. నా దృష్టిలో ఆ పుస్తకమంతా నిలబడింది దాని మీదే. ఆ తప్పిపోయిన పిల్లల్లో ఒకడైన టూటిల్స్‌కు ఉన్నది ఆడపిల్లలే కాబట్టి కూతురి గౌను తొడుక్కుని ఆడపిల్లగా మారిపోవడం దగ్గర పాఠకుడు నవ్వుతాడు. అదే సూత్రం నెవర్‌ల్యాండ్‌కు చేరాక పీటర్ మెడకు చుట్టుకుంటుంది. అతను తన పాత శత్రువు, సముద్రపు దొంగ కెప్టెన్ హుక్ ఎర్రకోటు తొడుక్కుంటాడు. రోజులు గడిచేకొద్దీ అతని మాటతీరు, కోపం, చివరికి జుట్టు కూడా హుక్‌లాగే తయారవుతాయి. పుస్తకం పేరులోని ఎరుపు ఆ కోటుదే. ఒకరి బట్ట వేసుకుంటే వాళ్ళ స్వభావం ఒంటికి పడుతుందన్న ఒకే నియమాన్ని మొదట హాస్యానికీ, తరవాత భయానికీ వాడుకున్న తీరు నాకు చాలా నచ్చింది. తొలి అధ్యాయాల్లో నవ్వుకున్న పిల్లలే ఆ తరవాత ‘కోటు విప్పెయ్, కోటు విప్పెయ్’ అని పుస్తకం మీద అరుస్తారు.

సందేహాలరావు

ఆ పుస్తకం ఎందుకు పుట్టిందన్నది ముందు చూడాలి కదా. దాన్ని ఒక రచయిత్రి తనంతట తాను రాయాలనుకుని రాయలేదు. హక్కులున్న ఆసుపత్రి పోటీ పెట్టి రాయించింది. పైనుంచి పురమాయిస్తే పుట్టిన కథలో ప్రాణం ఎంత ఉంటుందన్నది నా సందేహం.

పాతసంచిక

రావుగారు చెప్పినది నిజమే గానీ, ఆ కథ పూర్తిగా చెప్పుకోవాలి. బారీ 1929లో పీటర్ పాన్ హక్కులను లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి దానంగా ఇచ్చారు. దానివల్ల ఎంత ఆదాయం వస్తున్నదో బయటపెట్టవద్దని ఆయన కోరారు, ఆసుపత్రి ఆ మాటను నేటికీ పాటిస్తున్నది. ఆయన 1937లో మరణించారు కాబట్టి, అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం యాభై ఏళ్ళకు, అంటే 1987 చివరికి, కాపీరైట్ ముగిసింది. మాజీ ప్రధాని జేమ్స్ కాలహాన్ ప్రభువుల సభలో చొరవ తీసుకోవడంతో 1988 నాటి కాపీరైట్ చట్టంలో 301వ సెక్షన్ చేరింది. బ్రిటన్‌లో ఆ నాటకాన్ని ప్రదర్శించినా ప్రచురించినా ఆసుపత్రికి రాయల్టీ శాశ్వతంగా చెల్లించాలని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే అది రాయల్టీ హక్కు మాత్రమే. ఎవరు ఏం రాయాలో నిర్ణయించే అధికారం దానివల్ల రాదు.

తరవాత యూరప్ అంతటా గడువును రచయిత మరణానంతరం డెబ్భై ఏళ్ళకు పెంచడంతో, ముగిసిపోయిన కాపీరైట్ మళ్ళీ లేచి 2007 చివరి వరకు నిలిచింది. ఆ గడువు దగ్గరపడుతుండగా 2004లో ఆసుపత్రి అధికారిక కొనసాగింపు కోసం పోటీ ప్రకటించింది. పోటీదారులు ఒక నమూనా అధ్యాయం, కథా సంగ్రహం పంపాలి. దాదాపు రెండు వందల మంది పోటీపడగా 2005లో మెకాక్రన్‌ను ఎంపికచేశారు. ఆవిడ అప్పటికే 1988లో బ్రిటన్ బాలసాహిత్య పురస్కారమైన కార్నెగీ పతకం అందుకున్న రచయిత్రి. పురమాయింపు అన్నది నిజం. అయితే ఆ డబ్బు పిల్లల వైద్యానికి వెళుతుంది కాబట్టి, ఇలాంటి పురమాయింపు మీద మరీ కత్తులు నూరనక్కరలేదని నా అభిప్రాయం.

సందేహాలరావు

దానధర్మం గొప్పదైనంత మాత్రాన నవల గొప్పదైపోదు. ఆ రెంటినీ విడివిడిగా తూచాలన్నదే నా మాట.

మూడోబెంచీ

రావుగారు విడిగా తూచిన తరవాత కూడా ఆ త్రాసుకు రాయల్టీ కట్టాలేమో కనుక్కోండి.

వానచినుకు

మేడమీదగది గారి మొదటి పోస్టులో ఒక విషయాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బారీ కిటికీ మూశారని అంటున్నారు, కానీ ఆయన దాన్ని ఎన్నిసార్లు మూసి ఎన్నిసార్లు తెరిచారో చూడండి. పీటర్ మొదట కనిపించింది 1902లో పెద్దల కోసం రాసిన ‘ది లిటిల్ వైట్ బర్డ్’లో. అందులో అతను కెన్సింగ్టన్ తోటలకు ఎగిరిపోయిన ఏడు రోజుల పసికందు. అక్కడ వెండీ లేదు, హుక్ కూడా లేడు. 1904 డిసెంబరు 27న డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో నాటకం మొదలైనప్పుడు కథ పూర్తిగా మారిపోయింది. ఆ నాటకంలో పెద్దదైన వెండీ లేదు. ఆ రంగాన్ని ఆయన తరవాత రాశారు, 1908లో ఒకే ఒక్కసారి ప్రదర్శించారు, ఆ పైన 1911 నవలకు చివరి అధ్యాయంగా చేర్చారు. నాటకం పాఠాన్నేమో 1928 దాకా అచ్చువేయనే లేదు. అంటే మిమ్మల్ని ఏడిపించిన ఆ ముగింపే ఒక రకంగా కొనసాగింపు. మొదటి నాటకం చూసి ఇంటికి వెళ్ళిన ప్రేక్షకుడు ‘కథ అయిపోయింది కదా, ఇదంతా ఇప్పుడెందుకు’ అని ఉంటే, మనకు జేన్ ఉండేది కాదు, మార్గరెట్ ఉండేది కాదు.

మేడమీదగది

వానచినుకు గారూ, రచయిత తన కథను తానే తిరగరాసుకోవడం వేరు, ఆయన పోయిన డెబ్భై ఏళ్ళకు మరొకరు రాయడం వేరు. బారీ ఎన్నిసార్లు తెరిచినా ప్రతిసారీ కథ మరింత కఠినమవుతూ వచ్చింది. పసికందు కథకంటే నాటకంలో చేదు ఎక్కువ, నాటకంకంటే నవలలో ఇంకా ఎక్కువ. ఆ దిశను తిప్పి మళ్ళీ అందరినీ పిల్లల్ని చేసెయ్యడం నాకు వెనకడుగులా అనిపించింది.

చుక్కలదారి

వెనకడుగు కాదు. అసలు వాళ్ళందరూ ఎందుకు వెళతారో గుర్తుచేసుకోండి. పెద్దవాళ్ళైన ఆ తప్పిపోయిన పిల్లలకు నెవర్‌ల్యాండ్ కలలు వస్తుంటాయి, నిద్రలేచేసరికి పక్కమీద కత్తో మరేదో నిజంగానే ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధపు బాంబులు రెండు లోకాల మధ్య గోడకు చిల్లులు పెట్టాయి, ఆ చిల్లుల్లోంచి కలలు కారుతున్నాయి. తీరా వెళ్ళి చూస్తే నెవర్‌ల్యాండ్‌లో ఆకురాలు కాలం వచ్చేసింది. ఎప్పటికీ మారదనుకున్న చోటు మారిపోయింది. వెండీ తమ్ముడు మైకేల్ వాళ్ళతో లేడు, యుద్ధంలో చనిపోయాడు. ఇందులో వెనక్కి వెళ్ళి హాయిగా ఆడుకోవడం ఎక్కడుంది? తప్పిపోయిన పిల్లల్లో మరొకడు నిబ్స్ అయితే తన పిల్లల్ని విడిచి వెళ్ళలేక ఆగిపోతాడు. ఆ ఒక్క చిన్న సంగతిలో, పెద్దవాడు కావడమంటే నష్టమొక్కటే కాదని రచయిత్రి చెప్పేశారు. బారీ ఆ మాట ఎన్నడూ అంత సూటిగా చెప్పలేదు.

పాతసంచిక

మైకేల్ విషయంలో ఒక నేపథ్యం ఉంది. బారీ ఏ అన్నదమ్ములకు కథలు చెబుతూ పీటర్ పాన్‌ను అల్లారో, ఆ లూయెలిన్ డేవిస్ పిల్లల్లో పెద్దవాడు జార్జ్ 1915 మార్చిలో ఫ్లాండర్స్ యుద్ధరంగంలో మరణించాడు. మరొకడు, మైకేల్, 1921లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర నీటిలో మునిగి చనిపోయాడు. 1911 నవలలో వెండీ తల్లిదండ్రులైన డార్లింగ్ దంపతుల మైకేల్ పెద్దై రైలింజను నడుపుతాడని ఉంటుంది. యుద్ధం రాబోతున్నదని ఆ నవలకు తెలియదు. 1926లో కథ పెట్టదలచుకున్న రచయిత్రికి ఆ పిల్లలందరూ యుద్ధం దాటి క్షేమంగా వచ్చారని రాయడమే అబద్ధంగా తోచి ఉంటుంది.

నాయనమ్మ

నేను మా మనవడికి రెండు పుస్తకాలూ చదివి వినిపించాను. మైకేల్ పోయాడన్నచోట వాడు ఒక్క క్షణం ఆగి, సరే, తరవాతేమిటి అన్నాడు. వాణ్ణి నిజంగా కుదిపేసింది తప్పిపోయిన పిల్లల్లో ఒకడైన స్లైట్లీని వెళ్ళగొట్టడం. పెద్దవాడవుతున్నాడన్న నేరానికి పీటర్ తన స్నేహితుణ్ణే వెలివేస్తాడు. ఆ రాత్రి వాడు చాలాసేపు నిద్రపోలేదు, పీటర్ మంచివాడేనా అని అడుగుతూనే ఉన్నాడు. కాబట్టి అమ్మా మేడమీదగదీ, నువ్వు యుద్ధం గురించి భయపడుతున్నావేమో గానీ, పిల్లల భయాలు వేరేచోట ఉంటాయి.

కొండగాలి

నాయనమ్మగారూ, ఆ వెలివేత మూలంలోనే ఉంది. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నట్టు కనిపిస్తే పీటర్ వాళ్ళ సంఖ్య తగ్గించేస్తాడని బారీ ఒకే ఒక్క వాక్యంలో అని ముందుకు వెళ్ళిపోతారు. ఎలా తగ్గిస్తాడో చెప్పరు. ఆ వాక్యాన్ని పిల్లలు గమనించరు, పెద్దలు చూసీ చూడనట్టు పేజీ తిప్పేస్తారు. మెకాక్రన్ ఆ వాక్యానికి ఒక ముఖమూ ఒక పేరూ ఇచ్చారు. నా మటుకు నాకు మంచి కొనసాగింపు చేయవలసిన పని ఇదే. పాత పుస్తకంలో అరక్షణం కనిపించి మాయమైనదాన్ని పట్టుకుని, దాని పర్యవసానం చివరిదాకా చూపించాలి. కొత్త ద్వీపాలూ కొత్త రాక్షసులూ ఎవరైనా కల్పిస్తారు.

హుక్ విషయంలో జరిగింది కూడా ఇదే. మూలంలో అతను ఈటన్ అనే పేరున్న సంపన్నుల బడిలో చదివిన పెద్దమనిషి. మొసలి నోట్లో పడబోతున్నప్పుడు కూడా మర్యాద తప్పకూడదన్న బెంగే అతని మనసులో ఉంటుంది. పిల్లల పుస్తకంలో ప్రతినాయకుడికి అంత విచిత్రమైన బాధ పెట్టి బారీ అతణ్ణి నీళ్ళలోకి తోసేశారు. కొనసాగింపులో వచ్చే రావెల్లో అనే మనిషి, ఊడిపోతున్న ఉన్ని అల్లికలాంటి ఒళ్ళుతో, పీటర్‌కు సేవకుడిగా చేరతాడు. అతనెవరో పెద్దవాళ్ళకు త్వరగానే తెలిసిపోతుంది, చిన్నవాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది. అతను వెతికే నిధి కూడా బంగారం కాదు, బడి రోజుల్లో దక్కకపోయిన గౌరవం. పెద్దవాడు కావడానికి ఇష్టపడని పిల్లవాడూ, చిన్నప్పటి ఓటమి నుంచి బయటపడలేని పెద్దవాడూ ఒకే కోటులో ఇరుక్కున్నారు. ఈ ఆలోచన ఒక్కటి చాలు, పురమాయించి రాయించినా పుస్తకంలో ప్రాణం ఉందనడానికి.

సందేహాలరావు

కొండగాలి గారి వాదన బాగుంది, ఒప్పుకోవడానికి కాస్త సమయం పడుతుంది. కానీ ఒక చిక్కు మిగిలే ఉంది. మూలంలో పీటర్ గొప్ప లక్షణం మరచిపోవడం. ఏడాది తిరగకుండానే హుక్ ఎవరని అడుగుతాడు, తనతో తిరిగిన యక్షిణి టింకర్ బెల్‌నూ మరచిపోతాడు. తాను చంపినవాళ్ళను తరవాత గుర్తుపెట్టుకోనని అంటాడు. గుర్తు లేనివాడు కాబట్టే అతను పెరగడు. అలాంటివాడికి హుక్ జ్ఞాపకాలను కోటు ద్వారా ఎక్కిస్తే, అతను ఇక పీటరేనా?

కొండగాలి

పీటర్ కాకుండా పోవడమే అక్కడి ప్రమాదం కదా, రావుగారూ. సొంత జ్ఞాపకాలు లేనివాడి బుర్ర ఖాళీ గది. అందులోకి ఎవరి జ్ఞాపకాలైనా వచ్చి కూర్చోవచ్చు. మరచిపోవడాన్ని బారీ ఒక వరంగానూ శాపంగానూ రెండు విధాలా చూపించారు. ఈవిడ ఆ శాపం వైపు నడిచారు.

పుస్తకాలమూట

ఇలాంటి పుస్తకాల్లో నాకు అన్నిటికంటే పైన నిలిచేది మరొకటుంది. ఈడిత్ నెస్బిట్ 1902లో ‘ఫైవ్ చిల్డ్రన్ అండ్ ఇట్’ రాశారు. నత్తకళ్ళు, గబ్బిలం చెవులు, బొచ్చు ఒళ్ళు ఉన్న ఒక ఇసుకదేవత, పేరు సామియడ్, రోజుకొక కోరిక తీరుస్తుంది, పొద్దుగుంకగానే ఆ కోరిక చెరిగిపోతుంది. కేట్ సాండర్స్ 2014లో దానికి ‘ఫైవ్ చిల్డ్రన్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ పేరుతో కొనసాగింపు రాసి ఆ ఏడాది కోస్టా బాలసాహిత్య పురస్కారం పొందారు. ఆవిడ చేసింది చాలా చిన్న లెక్క. 1902లో అల్లరి చేసిన మగపిల్లలకు 1914లో ఎంత వయసొస్తుంది? సైన్యంలో చేరే వయసొస్తుంది. ఆ ఒక్క లెక్కలోంచి పుస్తకమంతా వచ్చింది. సామియడ్ తిరిగివస్తుంది, కానీ కోరికలు తీర్చే శక్తి దాదాపు పోయింది. పెద్దవాడు సిరిల్ యుద్ధానికి వెళ్ళాడు. మూలంలో చంకపిల్లాడైన ల్యాంబ్ ఇప్పుడు బడికి వెళ్ళే వయసువాడు, అతనికి ఈడీ అనే చెల్లెలు ఉంది, ఇసుకదేవతతో స్నేహం ఎక్కువగా ఆ అమ్మాయిదే.

మూలంలో ఒక కోరిక వల్ల ల్యాంబ్ ఒక్కరోజుకు పెద్దవాడైపోయి మీసాలు దువ్వుకుంటూ తిరుగుతాడు, అదంతా నవ్వులాట. ఆ నవ్వు గుర్తున్న పాఠకుడికి, పిల్లలు నిజంగానే పెద్దవాళ్ళైన ఈ పుస్తకం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇక్కడ పొద్దుగుంకితే ఏదీ చెరిగిపోదు.

వానచినుకు

ఆ పుస్తకం ముందుమాటలాంటి అధ్యాయంలోనే దెబ్బ కొడుతుంది. నెస్బిట్ మూడో పుస్తకం ‘ది స్టోరీ ఆఫ్ ది ఆమ్యులెట్’లోని ఆచార్యుడి గదికి పిల్లలు భవిష్యత్తులోకి వెళతారు. ముసలివాడైన ఆయన వాళ్ళను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, ఎందుకో వాళ్ళకు అర్థం కాదు. మనకు అర్థమవుతుంది.

మేడమీదగది

ఇక్కడ తేడా గమనించారా? సాండర్స్ వాళ్ళ వయసును వెనక్కి తిప్పలేదు. ఎంత పెరగాలో అంత పెరగనిచ్చారు, కథను ఆ పెరిగినవాళ్ళ మీదే నడిపారు. నా అభ్యంతరం కొనసాగింపుల మీద కాదు, వయసును వెనక్కి తిప్పడం మీద అని ఇప్పుడు నాకే స్పష్టమైంది.

చుక్కలదారి

పీటర్ పాన్‌లో వయసును తిప్పకుండా నడపాలంటే అందరినీ ఇంట్లోనే కూర్చోబెట్టాలి. ఇసుకదేవత వీళ్ళ తోటకు రాగలదు, నెవర్‌ల్యాండ్ రాలేదు.

మూడోబెంచీ

చిల్లులు పడ్డాయన్నారు కదా, కొంచెం పెద్ద చిల్లైతే అదే వచ్చేది.

కొండగాలి

హాస్యానికి అన్నా, మూడోబెంచీ చెప్పినదాంట్లో మంచి నవల ఉంది. నెవర్‌ల్యాండే 1926 లండన్‌లోకి కారిపోయి, న్యాయమూర్తి టూటిల్స్ ధరించే విగ్గులోకి సముద్రపు దొంగలు దూకితే చదవడానికి నేను సిద్ధం.

నాయనమ్మ

ఇద్దరూ కలిసి రాసెయ్యండి, నేను చదివి పెడతాను. అసలు ప్రశ్నకు వస్తే, తొమ్మిదేళ్ళ పిల్లకు మెకాక్రన్ పుస్తకం అర్థమవుతుంది. వాక్యాలు కొంచెం బరువైనవి, మాటలతో ఆటలు ఎక్కువ, కాబట్టి చేతికివ్వడం కంటే చదివి వినిపిస్తే బాగుంటుంది. అబద్ధాలాడే తిండిపోతు యక్షుడు ఫైర్‌ఫ్లయర్ దగ్గర గొంతు మార్చి చదివితే ఇల్లంతా నవ్వుతుంది. సాండర్స్ పుస్తకానికి మాత్రం నెస్బిట్ మూడు పుస్తకాలూ ముందుగా చదివి ఉండాలి, లేకపోతే ఆ ఆచార్యుడి కన్నీళ్ళు వృథా.

సందేహాలరావు

బారీ మూలంలోని ఆదివాసుల చిత్రణ గురించి కూడా పిల్లలతో మాట్లాడుకోవాలి. ఆ కాలపు చులకనభావం అందులో నిండుగా ఉంది. కొనసాగింపు కంటే నాకు మూలం చదివేటప్పుడే ఎక్కువసార్లు ఆగవలసి వచ్చింది.

మేడమీదగది

ఆ అధ్యాయాల దగ్గర నేనూ ఆగి చెప్పాను. సరే, మెకాక్రన్ పుస్తకాన్ని వచ్చేవారం నేనే చదివి వినిపిస్తాను, కానీ కిటికీ విషయంలో నా మాట మార్చుకోలేదు. చుక్కలదారి గారూ, ఒక్క సందేహం: కోటు భాగం మొదలయ్యాక రాత్రిపూట చదవవచ్చా, పగటికి మార్చాలా?

చుక్కలదారి

పగటికి మార్చండి. స్లైట్లీని వెలివేసే అధ్యాయాన్ని, దాని తరవాతి అధ్యాయాన్ని ఒకే విడతలో చదవండి, మధ్యలో ఆపవద్దు.